మొదటి ఆకు ఆదెమ్మది

బాల్కనీ కూలినప్పుడు నా చేతిలో కొత్త టిఫిన్ క్యారియర్ ఉంది.

ఆ క్యారియర్ గురించి ముందు చెప్పాలి. ఆదెమ్మ చివరిసారి నవ్వింది దాన్ని చూసే. పెళ్ళికి మా మేరీ అత్త ఇచ్చింది. మూడు గిన్నెలు, మొహం చూసుకోవచ్చు, అంత మెరుపు. పెళ్ళయి నెల నిండలేదు. ఎడ్విన్ పని చేసే చోటికి అన్నం తీసుకెళ్ళడం నాకు అదే మొదలు. కింది గిన్నెలో సంగటి, మధ్యలో గోంగూర, పైన చెనిక్కాయల పచ్చడి. నూనెపల్లె నుంచి ఆటోలో ఒళ్ళో పెట్టుకుని, దారంతా నాలో నేనే నవ్వుకుంటూ వచ్చాను.

ఎడ్విన్ స్లాబుల్లో కరెంటు పైపులు పరిచే పని చేస్తాడు. ఆ బిల్డింగు నంద్యాల బైపాస్ పక్కన లేస్తోంది. కింద షాపులు, పైన ఫ్లాట్లు. జిల్లా కేంద్రం అయ్యాక మా ఊరి చుట్టూ లేస్తున్న వాటిలో అదే గొప్పదని ఫ్లెక్సీలు చెబుతాయి. కట్టిస్తున్న ఆయన పేరు ప్రతి కరెంటు స్తంభం మీదా ఉంది. ఈ కథలో మాత్రం ఉండదు. అది నా పంతం. ఇక్కడ ఆయన ఉత్త బిల్డరు.

గేటు దాటగానే ఆదెమ్మ కనిపించింది. కాంక్రీటు పోసే ముఠాలో అందరికంటే పెద్దది. మొదటి అంతస్తు బాల్కనీ కింద వంగి, ఇనుప ముక్కలూ మేకులూ ఏరి తట్టలో వేస్తోంది.

"ఏందమ్మీ, కొత్త పెండ్లికూతురు క్యారేజీ తెచ్చిందే! ఈ వాసనకు ఎడ్విన్ ఈపొద్దు పైపులన్నీ వంకరగా పరుస్తాడు పో."

"నువ్వూ రా పెద్దమ్మా, ముగ్గురికీ సరిపోతుంది."

"వస్తాలే. ఇదంతా ఏరి పొమ్మన్నాడు సూపర్‌వైజరు. సాయంత్రం ఎవురో పెద్దోళ్ళు ఫ్లాట్లు చూసేకి వస్తాండారంట. వాళ్ళ కాళ్ళల్లో మేకు దిగితే ఓర్చుకోలేరు గదా. మన కాళ్ళకైతే మేకులే భయపడతాయ్."

నవ్వుతూనే ఉంది. నేను మెట్ల దగ్గరికి చేరుకున్నానో లేదో, వెనక భూమి పగిలినట్టు చప్పుడు. తిరిగి చూస్తే ధూళి తప్ప ఏమీ లేదు. బాల్కనీ లేదు. ఆదెమ్మ లేదు.

అన్నాల వేళ కాబట్టి అందరూ కిందే ఉన్నారు. పరుగెత్తుకొచ్చి ఉత్త చేతులతో ముక్కలు లాగారు. ఆదెమ్మ కూతురు మంజుల అదే ముఠాలో తట్టలు మోస్తుంది. వేళ్ళ నుంచి నెత్తురు కారుతున్నా ఆపలేదు. ముఠా మేస్త్రీ పరంజ్యోతి ఒక్కడే కదలలేదు. బాల్కనీకి ఊతంగా ఇనుప జాకీలు నిలబడాల్సిన చోటును చూస్తూ ఉండిపోయాడు. అక్కడ ఒక్క జాకీ కూడా లేదు.

మరుసటి రోజు ఒక పేపరు మొదటి పేజీ నిండా ఆ బిల్డింగు బొమ్మే. 'నంద్యాలకు కొత్త ముఖం' అని పెద్ద అక్షరాల ప్రకటన. అదే పేపరు లోపలి పేజీలో, మూలన, చిన్న వార్త. 'నిర్మాణంలో ఉన్న భవనంలోకి చొరబడి ఇనుము దొంగిలించబోయిన మహిళ ప్రమాదవశాత్తు మృతి.'

ఆమె తట్టలో ఇనుప ముక్కలున్నాయి. బిల్డరుకు అంతే కావలసింది. అన్నాల వేళ సైటు ఖాళీగా ఉంటే గోడ దూకి వచ్చిందన్నాడు. ఆమె తన కూలీయే కాదన్నాడు. పోలీసులు అదే రాసుకున్నారు.

మంజుల ఆ వార్తను మా అందరి ముందూ గట్టిగా చదివింది. ఏడవలేదు. పేపరు మడిచి రవికలో దోపుకుంది.

"మాయమ్మ పొయ్యేది పొయినాది. ఆయప్ప దాన్ని దొంగను చేసి పంపినాడు. ఆ మాట ఆయప్ప నోటితోనే ఎనక్కి తీసుకోవల్ల. అంతకుమించి నాకేం వద్దు."

ఆదివారం చర్చి అయ్యాక నూనెపల్లెలో మంజుల వాళ్ళ ఇంటి ముందు ముఠా అంతా కూర్చుంది. నేను అందరికీ టీ పోశాను. పెళ్ళికి వచ్చిన గాజు గ్లాసులు అదే మొదటిసారి బయటికి తీయడం. ఇంకో రోజైతే వాటి పువ్వుల డిజైను చూసి మురిసిపోయేదాన్ని. ఆ రోజు ఒక్కో గ్లాసూ బిల్డరు తల మీద పగలగొట్టాలనిపించింది.

శాంసన్ కంకర మోసే కుర్రవాడు, కొత్తగా మీసం వచ్చినవాడు. ముందు వాడే లేచాడు.

"కారు తగలబెడదాం. తెల్లకారు భలే మండుతాది."

"మండుతాది. ఇన్సూరెన్సు వస్తాది. ఇంకో తెల్లకారు కొంటాడు. నువ్వు జైల్లో కూర్చోని మీసం పెంచుకుంటావ్," అంది మంజుల.

"అయితే రేపట్నుంచి పనిలోకి పోవద్దు," అన్నాడు శాంసన్.

"మనం పోకపోతే శిరివెళ్ల నుంచి ఇంకో ముఠా వస్తాది. మన పొయ్యిలే ఆరిపోతాయ్. ఆయప్పకు ఏం నొప్పి?"

"కేసు పెడదాం," అన్నారు వెనక నుంచి ఎవరో.

"ఎవురి మింద? పోలీసు రాసుకున్న కాయితంలో మాయమ్మే దొంగ."

అప్పుడు పరంజ్యోతి మేస్త్రీ నోరు తెరిచాడు. తల ఎత్తకుండానే.

"జాకీలు తీసింది నా చేతులే."

శాంసన్ చేతిలోని టీ గ్లాసు కింద పెట్టాడు.

"ముందురోజు బిల్డరు ఫోన్ చేసినాడు. పైన జాకీలు చాలడంల్యా, బాల్కనీ కిందివి తీసి పైకెక్కించు అన్నాడు. ఇంకా పచ్చిగా ఉంది సార్ అన్నా. నీకు చాతగాకపోతే చెప్పు, శిరివెళ్లోళ్ళను పిలుస్తా అన్నాడు. తీసినా."

శాంసన్ ఒక్క ఉదుటున వెళ్ళి మేస్త్రీ కాలరు పట్టుకున్నాడు. ఆయన విడిపించుకోలేదు. మధ్యలోకి మంజుల వచ్చింది. తల్లి పోయింది ఆమెకు. కొట్టే హక్కు ఎవరికైనా ఉంటే ఆమెకే ఉంది.

"ఇడువు. ఈయప్ప కాలరు పట్టుకుంటే ఏమొస్తాది? ఫోన్ చేసినోని కాలరు పట్టుకో. శిరివెళ్లోళ్ళను చూపించి మనల్ని బెదిరిస్తాడు. మనల్ని చూపించి వాళ్ళను బెదిరిస్తాంటాడు. పచ్చి స్లాబు కింద మనోళ్ళను మనమే పెడతాండాం." మేస్త్రీ వైపు తిరిగింది. "నువ్వు ఏడ్చింది చాలు మామా. ఆఖరి స్లాబు ఎప్పుడు?"

"వచ్చే శనివారం. పెద్దోళ్ళను పిలిచినాడు. టీవీ వాళ్ళు గూడా వస్తారంట."

"అయితే ఆ పొద్దు పనికి పోదాం," అంది మంజుల. "బుద్ధిగా పోదాం. సగం పోసినాక ఆకులు ఏస్తాడు గదా."

ఒక్కొక్కరి ముఖమూ వెలిగింది. నాకే ఆలస్యంగా అర్థమైంది. ఎడ్విన్ నా చెవిలో వివరించాడు.

స్లాబు పోయడం మీరెప్పుడైనా దగ్గర నుంచి చూశారా? ఒకసారి కాంక్రీటు కలిపే మిల్లరు తిరగడం మొదలైతే ఆఖరి తట్ట పడేదాకా ఆపకూడదు. మధ్యలో ఆపితే పోసింది బిగుసుకుంటుంది, తర్వాత పోసింది దానితో కలవదు, అతుకు పడుతుంది. అందుకే స్లాబు రోజు అన్నం వంతుల మీద తింటారు, సగం మంది తింటుంటే సగం మంది పోస్తారు. ఆ అన్నం కట్టించేవాడే పెట్టాలి. ముఠాలో అందరికంటే పెద్దవాళ్ళకు మొదటి ఆకు వేసి, తన చేత్తో తీపి వడ్డించాలి. అది తిన్నాకే మిగతా వాళ్ళు ఆకుల ముందు కూర్చుంటారు. మా వైపు ముఠాల్లో ఇది తప్పని పద్ధతి. ఎన్నో ఏళ్ళుగా ఆ మొదటి ఆకు ఆదెమ్మది. ఇదే బిల్డింగులో, కింది స్లాబుల రోజున, ఇదే బిల్డరు వంగి ఆమెకు కేసరి వడ్డించాడు. ఆమె తన కూలీ కాదన్న నోరూ ఆయనదే, ఆమెకు వడ్డించిన చెయ్యీ ఆయనదే.

మధ్యలో ఒక రోజు ఎడ్విన్ నన్ను బండి మీద ఆళ్ళగడ్డ తీసుకెళ్ళాడు. పెళ్ళయ్యాక మా ఇద్దరికీ అదే మొదటి ప్రయాణం. నా కొంగు చక్రంలో పడకుండా నడుముకు చుట్టుకుని, దారి పొడుగునా పాటలు పాడాను. కోపంగా ఉన్న మనిషి పాడకూడదని ఎక్కడైనా ఉందా? పగ తీర్చుకోవడానికి పోతున్న రోజున కూడా చెరకు రసం తియ్యగానే ఉంది.

దారిలో శిరివెళ్లలో ఆగాం. అది మా పుట్టింటి ఊరు. అక్కడి ముఠా పెద్ద ఉమామహేశ్వరమ్మ చిన్నప్పుడు నన్ను ఎత్తుకు తిప్పింది. ఆమెకు జరిగిందంతా చెప్పాం. "శనివారం బిల్డరు పిలిస్తే వస్తావా అత్తా?" అని అడిగాను. "పిలిస్తే ఎందుకు రానే? వస్తా," అంది. అంతకంటే ఒక్క మాట చెప్పలేదు. ఎడ్విన్ ముఖం మాడిపోయింది.

ఆళ్ళగడ్డలో రోడ్డు పక్కన వరసగా దేవుళ్ళు. సగం చెక్కినవాళ్ళు, ముక్కు ఇంకా రానివాళ్ళు. ఉలుల చప్పుడు, మనుషుల మీద తెల్లటి పొడి. వరదరాజులు అహోబిలం నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన శిల్పి. ఆదెమ్మ పేరుతో చిన్న రాయి ఒకటి చెక్కించాలని మా ఆలోచన. ఆయన ఒళ్ళో నల్లరాతి పలక ఉంది. దాని మీద సగం చెక్కిన పేరును ఎడ్విన్ నాకు వేలితో చూపించాడు. మా బిల్డరు పేరే. ప్రారంభోత్సవానికి శిలాఫలకం.

ఎడ్విన్ చెప్పిందంతా ఆయన ఉలి ఆపకుండా విన్నాడు. చివరికి ఆపాడు.

"యాడ పనిచేసేదప్పా ఆయమ్మ?"

"ఆ బిల్డింగులోనే అన్నా. అన్ని స్లాబులూ ఆయమ్మ చేతిమిందనే పడినాయ్."

"మాయన్న ఈ రాతిపొడి పీల్చి పీల్చి దగ్గుతో పొయినాడు. ఎన్ని గుళ్ళల్లో ఆయప్ప చెక్కిన బొమ్మలుండాయో. ఒక్క రాతి మింద గూడా ఆయప్ప పేరు ల్యా." పలకను చేతులతో లేపి, తిరగేసి, నున్నటి వెనకవైపు అరచేత్తో తుడిచాడు. "ఏం రాయల్లనో చెప్పండి."

"ఆ బిల్డరు ఊరుకోడన్నా," అన్నాను.

"రమ్మను. ఆయప్ప పేరు ఇంకోపక్క ఉండనే ఉంది గదమ్మా. చెరపలేదని చెప్తా."

అంత పగలో కూడా ముగ్గురం పగలబడి నవ్వాం.

శనివారం పొద్దున మిల్లరుకు నిమ్మకాయ కట్టారు, టెంకాయ కొట్టారు. బిల్డరు తెల్లచొక్కాలో, మెడలో దండతో టీవీ వాళ్ళతో మాట్లాడుతున్నాడు. షామియానా కింద అతిథులు. నేనూ ఎడ్విన్‌తో వచ్చి మెట్ల పక్కన నిలబడ్డాను. మా ముఠా అంత వేగంగా ఎప్పుడూ పనిచేయలేదట. తట్టలు చేతుల మీదుగా ఎగిరాయి. ఎండ నెత్తి మీదికి వచ్చేసరికి స్లాబు సగమైంది.

ఆకులు వేశారు. మొదటి ఆకు ముందు ఎవరూ కూర్చోలేదు. మంజుల దాని పక్కన కూర్చుంది. అప్పుడు పైనుంచి మిగతా సగం మంది కూడా దిగి వచ్చారు. మిల్లరు దగ్గరి మనిషి స్విచ్చి కట్టేశాడు. ఆ చప్పుడు ఆగగానే అతిథులంతా ఇటు తిరిగారు.

"ఏందిది? అందరూ ఒకేసారి దిగినారేంది? పోసిన మాలు బిగుసుకుపోతాది!" సూపర్‌వైజరు పరుగున వచ్చాడు.

"అన్నానికి కూర్చున్నాం సార్. మొదటి ఆకు వడ్డిస్తే తిని బిరీన పైకి పోతాం," అన్నాడు పరంజ్యోతి.

"ఎవరిది ఈ ఆకు?"

"ఆదెమ్మది."

బిల్డరు దండ తీసేసి వచ్చాడు. నవ్వు ముఖం అతిథుల వైపు, పళ్ళు నూరడం మా వైపు.

"పరంజ్యోతీ, తమాషాలు వద్దు. లేపు వీళ్ళని."

"లేస్తారు సార్. పద్ధతి ప్రకారం ఆయమ్మ ఆకులో తీపి పెట్టండి. మా ముఠా మనిషేనని, మీ పనిలోనే పొయిందని ఒక్క మాట చెప్పండి."

"నీకు ఇంక నంద్యాలలో పని దొరకదు."

"దొరికిన పనితోనే మనిషిని సంపినా సార్. ఇంకా యాంటికి నాకు పని?"

బిల్డరు ఫోన్ తీశాడు. మాకు వినపడాలనే గట్టిగా మాట్లాడాడు. శిరివెళ్ల ముఠాను ఉన్నపళంగా రమ్మన్నాడు, రెట్టింపు ఇస్తానన్నాడు. ఎడ్విన్ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

ఎండ మండుతోంది. పైన పోసిన కాంక్రీటు తడి ఆరి, రంగు మారుతోంది. ఇంజనీరు పైకీ కిందికీ తిరుగుతున్నాడు. చివరికి బొలేరో బండి దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది. ఉమామహేశ్వరమ్మ దిగింది, వెనక ఆమె ముఠా. బిల్డరు ముఖంలోకి నెత్తురు తిరిగొచ్చింది.

"రండి రండి, తట్టలు పైనే ఉన్నాయి."

ఆమె మా వరస దాకా నడిచి వచ్చి ఖాళీ ఆకును చూసింది.

"ఇంకా వడ్డించల్యా ఈమెకి?"

"లేదక్కా," అంది మంజుల.

"పెద్దామె తినకుండా మేమెట్ల పని మొదలుపెడతాం? ఏ ఊర్లో పద్ధతప్పా ఇది?" కొంగు దులుపుకుని మంజుల పక్కన చతికిలబడింది. "మాకూ ఆకులేయండి."

శిరివెళ్ల ముఠా అంతా వరసలో కూర్చుంది. నేను గట్టిగా కేకవేశాను. ఏమని వేశానో నాకే తెలియదు. కూలీలందరూ అందుకున్నారు. టీవీ కెమెరా షామియానాను వదిలేసి మా వైపు తిరిగింది. అతిథుల్లో ఒకాయన వాచీ చూసుకుంటూ కారెక్కాడు. ఫ్లాటుకు అడ్వాన్సు ఇచ్చిన ఆడమనిషి ఒకామె బిల్డరునే నిలదీసింది. "కూలిన బాల్కనీ ఏది? మాది ఏ వైపు?"

అప్పుడు బిల్డరు వంగాడు. కేసరి గరిటె పట్టుకుని, ఆదెమ్మ ఆకు ముందు, నడుము వంచి. కేసరి ఆకు అంచున పడింది.

"ఆమె మా కూలీనే," అన్నాడు గొణుగుతూ.

"వెనకోళ్ళకు ఇనపడల్యా సార్," అంది మంజుల.

"మా కూలీనే!"

"దొంగనా?"

బిల్డరు షామియానా వైపు చూశాడు. అందరూ చూస్తున్నారు.

"కాదు. పనిలోనే చనిపోయింది. నేనే ఆ పని చెప్పించాను."

"జాకీలు?"

"నేనే తీయించాను. చాలా? ఇంక లేచి పోయండి!"

పరంజ్యోతి మేస్త్రీ మెట్లెక్కి స్లాబు అంచును బొటనవేలితో నొక్కి, దిగి వచ్చాడు. ఆదెమ్మ పోయిన రోజు నుంచి వంగి ఉన్న తల అప్పుడు ఎత్తాడు.

"బిగుసుకుంది సార్. ఇప్పుడు పోస్తే అతుకు పడతాది. లోపం దాచిపెట్టి పోసేది ఇంకోసారి నా చేత కాదు. మొత్తం పగలగొట్టల్ల."

ఆ మాట విన్నప్పుడు ఆయన ముఖం చూడాలి మీరు. నాకిప్పటికీ సంతోషమే. మంచితనం లేదనుకుంటే అనుకోండి. ఒక మనిషిని దొంగను చేసి పూడ్చినవాడు తన కలల స్లాబును తనే సుత్తులతో పగలగొట్టించుకోవాల్సి వచ్చింది. ఆ సుత్తి దెబ్బ ఒక్కొక్కటీ నాకు పెళ్ళి బాజాలా వినిపిస్తుంది.

మంజుల ఆ ఆకును కేసరితో సహా మడిచి తల్లి సమాధి దగ్గరికి తీసుకెళ్ళింది. సాయంత్రం ఆళ్ళగడ్డ నుంచి ఆటోలో రాయి వచ్చింది. ఆ రోజు మిల్లరు చివరిసారి తిరిగింది ఆ రాయి కోసమే. గేటు పక్కన గోడకు ఆనించి, చుట్టూ కాంక్రీటు పోసి నిలబెట్టాం. బిల్డరు పేరున్న వైపు గోడకేసి ఉంది. బయటికి కనిపించే వైపు ఇలా ఉంది: 'ఆదెమ్మ. ఈ బిల్డింగు కట్టింది. పని చేస్తూ చనిపోయింది.'

మరుసటి రోజు పోలీసులు పరంజ్యోతినీ ఎడ్విన్‌నూ తీసుకెళ్ళారు. నష్టం చేశారట. బలవంతంగా చెప్పించారట. జీపెక్కుతూ ఎడ్విన్ నా వైపు చూసి, "క్యారేజీ మర్చిపోవద్దు," అన్నాడు. నేను ఏడవకూడదనే అలా అన్నాడు. ఏడ్చాను, తర్వాత నవ్వాను, తర్వాత మూడు గిన్నెలూ నింపాను.

సోమవారం పొద్దున క్యారియర్ పట్టుకుని జైలుకు పోయే దారిలో కూలీల అడ్డా దగ్గర ఆగాను. మంజుల అక్కడే ఉంది. నంద్యాలలో పనికి మనుషులు కావాలంటే ఎవరైనా అక్కడికే రావాలి. బిల్డరు కారు వచ్చింది. అద్దం దించాడు.

"ఇద్దరు రండి. గడ్డపారలు తెచ్చుకోండి. ఒక్క గంట పని, రోజు కూలీ ఇస్తా."

ఎవరూ కదలలేదు.

"రెట్టింపు ఇస్తా."

బీడీలు కాలుతున్నాయి. టీ చల్లారుతోంది. మంజుల ముందుకు వచ్చింది.

"ఏం పని సార్?"

"గేటు దగ్గర రాయి తీయాల."

"ఏ రాయి సార్? మాకు రాళ్ళు శానా తెలుసు. పేరు చెప్తే తెలుస్తాది."

ఆయన స్టీరింగు మీద వేళ్ళతో కొట్టాడు. అడ్డాలో ఉన్న వాళ్ళందరినీ చూశాడు. తట్టల వాళ్ళు, గడ్డపారల వాళ్ళు, సున్నం బకెట్ల వాళ్ళు, రంగుల వాళ్ళు. ఆ రాయిని పెకలించాలంటే ఈ చేతుల్లోవే కొన్ని కావాలి. వేరే చేతులు ఈ ఊళ్ళో లేవు.

"ఆదెమ్మ రాయి," అన్నాడు.

శాంసన్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. అతని వెనక అడ్డా అంతా చెవుల దగ్గర చేతులు పెట్టుకుంది. క్యారియర్ కింద పెట్టి నేనూ పెట్టుకున్నాను.

"మళ్ళీ చెప్పు సార్," అంది మంజుల. "ఎవురి రాయి?"